దొరకడం వేరు, ఎదగడం వేరు



వేసవి సెలవులు కదండీ. నూజివీడు చుట్టుపక్కల తోటల్లో కోతలు జోరుగా సాగే రోజులు. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, ఏ వైపు వెళ్లినా చెట్టు కింద కాయల గుట్ట కనిపిస్తుంది. ఆ గుట్ట పక్కన మంచం. మంచం మీద ఫోను పట్టుకున్న పిల్లలు. ఆ ఫోనులో ఏ ఆట నడుస్తోందో పెద్దవాళ్లం చాలాసార్లు అడగం. ఈవేళ నేను మాట్లాడబోయేది ఆ ఆటల్లో ఒక రకం గురించి. వింత ప్రాణుల్ని వెతికి పట్టుకుని, పెంచి, పోటీలకి దింపే ఆటలు. పోకెమాన్ పేరు చాలామంది వినే ఉంటారు. ఆ కోవ ఆటలన్నమాట.

ఈ ప్రసంగం ఇద్దరి కోసం. ఆట ఆడే పిల్లలున్న తల్లిదండ్రుల కోసం. ఆట ఆడటమే కాదు, ఒక ఆట తయారు చేయాలని ఉన్న పిల్లల కోసం. 2008లో మొదలైన మన నూజివీడు ట్రిపుల్ ఐటీలో పల్లెటూళ్ల నుంచి వచ్చి కంప్యూటర్ చదువు చదువుతున్న పిల్లలెందరో ఉన్నారు. వాళ్లలో ఎవరో ఒకరు ఈ మాటలు వింటే నాకు చాలా సంతోషం.

ముందుగా పోకెమాన్ ఎక్కడ పుట్టిందో చెప్తాను. జపాన్‌లో టోక్యో శివార్లలో మచిదా అనే ఊరుంది. సతోషి తజిరి అనే కుర్రాడు అక్కడ పెరిగాడు. చెరువుల దగ్గరా పొలాల్లోనూ పురుగుల్ని పట్టుకోవడం అతని సరదా. ఏ పురుగు ఎక్కడుంటుంది, ఏ వేళకి బయటికొస్తుంది, అదంతా అతనికి కంఠతా వచ్చు. తర్వాత ఆ ఊరు పెరిగిపోయింది. చెరువులు పూడ్చారు, పొలాలు పోయాయి. పురుగులూ పోయాయి. తాను అనుభవించిన ఆ వెతుకులాట ఇప్పటి పిల్లలకీ దక్కాలని అతను ఆట తయారు చేశాడు. 1996 ఫిబ్రవరిలో ఆ ఆట బయటికొచ్చింది. దాదాపు ఆరేళ్లు పట్టింది. అందులో 151 రకాల ప్రాణులున్నాయి.

మన తోటల్లో పెరిగిన పిల్లలకి ఆ సరదా కొత్తగా చెప్పక్కర్లేదు. ఎర్రచీమలు ఆకులు కుట్టి కట్టిన గూడు ఏ కొమ్మ మీదుందో, రామచిలుకలు ఏ చెట్టుకి ముందు వాలతాయో వాళ్లకి తెలుసు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇలాంటి ఆట తయారు చేసేటప్పుడు అందరికీ మొదట తట్టే ఆలోచన ఒకటుంది. అరుదైన ప్రాణికి ఎక్కువ బలం ఇద్దాం, మామూలు ప్రాణికి తక్కువ బలం ఇద్దాం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆట అక్కడే చెడుతుంది. అరుదైనది దొరికిన పిల్లవాడు మిగతావన్నీ పారేస్తాడు. దొరకని పిల్లవాడు ఆటే మానేస్తాడు. 150 ప్రాణులు బొమ్మలుగా మిగిలిపోతాయి. ఒక్కదాని కోసమే అందరూ పరుగెడతారు.

అందుకని ఒక మాట గుర్తుపెట్టుకోండి. ప్రాణి ఎంత అరుదుగా దొరుకుతుందన్నది ఒక లెక్క. దొరికాక ఎంత కాలానికి ఎదుగుతుందన్నది ఇంకో లెక్క. పూర్తిగా ఎదిగాక ఎంత బలం వస్తుందన్నది మరో లెక్క. ఈ మూడూ వేరు వేరు. మూడింటినీ కలిపి ఒకే ముడి వేయకూడదు.

మన మామిడితోటని చూస్తే ఇది ఇట్టే అర్థమవుతుంది.    ఒక రైతు కొత్త తోట వేశాడనుకోండి. టెంక పెట్టి మొలిపించిన మొక్క కాపుకి రావాలంటే ఎనిమిది, పదేళ్లు పడుతుంది. అదే అంటుమొక్క అయితే నాలుగైదేళ్లకే కాయ చూపిస్తుంది. అంటుకి రెండో ఏడో మూడో ఏడో పూత వస్తే రైతు ఏం చేస్తాడు? తుంచేస్తాడు. చెట్టు ముందు ఎదగాలి, కాపు తర్వాత అంటాడు. మరి ఆ నాలుగైదేళ్లు ఇల్లు గడవాలి కదా! చెట్ల మధ్య ఖాళీలో వేరుశనగో, మినుమో, పెసరో వేస్తాడు. అవి మూడు నాలుగు నెలల్లో చేతికొస్తాయి. వాటికి మామిడంత విలువ లేదు. కానీ అవి లేకపోతే మామిడి దాకా రైతు నిలబడలేడు.

ఇంకో సంగతి చూడండి. తోటలో అన్నీ బంగినపల్లి చెట్లే ఉండవు. చిన్నరసం ఉంటుంది, పెద్దరసం ఉంటుంది, కలెక్టరు కాయ ఉంటుంది. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దూరం బజార్లకి వెళ్తుంది, మంచి ధర పలుకుతుంది. చిన్నరసం పచ్చిగా ఉంటే ఆవకాయకి, పండితే జుర్రుకోవడానికి. దూరప్రయాణానికి మాత్రం ఓర్చుకోదు. కలెక్టరు కాయ గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది. ధర తక్కువే, కాపు మాత్రం దాదాపు ఏటా ఉంటుంది. వీటిలో ఏది గొప్పదని అడిగితే రైతు ఏం చెప్తాడు? ఎందుకు కావాలో చెప్పు, ఏదో చెప్తాను అంటాడు. ఆట తయారు చేసేవాళ్లు పట్టుకోవలసింది సరిగ్గా ఆ ప్రశ్ననే. ఈ ప్రాణి ఎందుకు కావాలి? ఏ వేళకి కావాలి?

తజిరి బృందం తొలి ఆటలోనే ఈ లెక్క చక్కగా వేసింది. మచ్చుకి కొన్ని చెప్తాను.

క్యాటర్‌పీ అని ఒక గొంగళిపురుగు ఉంది. ఆట మొదట్లోనే అడవిలో కనిపిస్తుంది. పట్టుకోవడం తేలిక. ఏడో లెవెల్లో, అంటే ఎదుగుదలలో ఏడో మెట్టు మీద, గూడు కట్టుకుంటుంది. పదో లెవెల్లో సీతాకోకచిలుక అయిపోతుంది. మరి రెండు లెవెళ్లకి ఒక కొత్త విద్య నేర్చుకుంటుంది. ఆటలో వచ్చే మొదటి పెద్ద పోటీ రాతి ప్రాణులతో. ఆ విద్య వాటి మీద బాగా పనిచేస్తుంది. అంటే అందరికీ దొరికే పురుగే అందరికీ మొదటి గెలుపు ఇస్తుంది. తర్వాత తర్వాత దాని బలం సరిపోదు. అయినా దాని పని అది చేసేసింది. తోటలో మినుము పంట అదే.

ఇక మ్యాజికార్ప్. ఇది చేప. ఆటలో ఇచ్చే పాత గాలం వేస్తే పడేది ఇదొక్కటే. అంతకన్నా మామూలు ప్రాణి లేదు. అంతకన్నా చేతకానిది కూడా లేదు. మొదట్లో దానికొచ్చిన విద్య నీళ్లలో ఎగిరెగిరి పడటమే. దానివల్ల ఎదుటివాడికి ఒక్క దెబ్బ కూడా తగలదు. పైగా చాలా నిదానంగా పెరుగుతుంది. కానీ ఓపిక పట్టి 20వ లెవెల్ దాకా తెచ్చారా, గ్యారడాస్ అనే భీకరమైన నీటి సర్పంలా మారుతుంది. మొత్తం ఆటలో గట్టివాటిలో అదొకటి. ఇక్కడ అరుదు లేదు. ఉన్నదల్లా ఓపిక. బలం అదృష్టానికి దక్కలేదు, పెంపకానికి దక్కింది. ఈ ఆటలన్నింటిలోకీ నాకు ఎక్కువ నచ్చిన ఆలోచన ఇదే.

దీనికి ఎదురుగా డ్రాటినీని చూడండి. చిన్న డ్రాగన్ పిల్ల. దొరకడం కష్టం. పెరగడం ఇంకా కష్టం. పూర్తి రూపం రావడానికి 55వ లెవెల్ దాకా ఆగాలి. అప్పటికి ఆట దాదాపు చివరికొచ్చేస్తుంది. అంటే అరుదైనది దొరికినవాడు వెంటనే అందరినీ ఓడించలేడు. అంతవరకూ మామూలు ప్రాణుల సాయంతోనే నడవాలి. అంటుకి వచ్చిన తొలి పూత తుంచేసినట్టు, ఇక్కడ ఆటే ఆపుతుంది.

ఈ ఎదుగుదలకి ఆటలో లెక్క కూడా ఉంది. ప్రతి పోటీలో అనుభవం పాయింట్లు వస్తాయి. 100వ లెవెల్ చేరడానికి త్వరగా పెరిగే ప్రాణికి 8,00,000 పాయింట్లు చాలు. నిదానంగా పెరిగేదానికి 12,50,000 కావాలి. అంటే ఒకటిన్నర రెట్ల కన్నా కాస్త ఎక్కువ. బాగా బలమైనవి చాలావరకు నిదానం వరసలో ఉంటాయి. అలాగని అరుదైనవన్నీ నిదానం కావు. చాన్సీ అనే ప్రాణి బహు అరుదు. కానీ త్వరగా పెరుగుతుంది. మరి బలమా? ప్రాణశక్తి 250. కొట్టే శక్తి 5. దెబ్బలు బాగా ఓర్చుకుంటుంది, ఒంటి బలంతో కొట్టే దెబ్బ మాత్రం బలహీనం. చూశారా? అరుదు వేరు, ఎదుగుదల వేరు, బలం వేరు.

1999లో వచ్చిన ఆటలో ఇంకో చక్కని పని చేశారు. అవే ప్రాణులు, ఎప్పుడో ఒకసారి వేరే రంగులో మెరుస్తూ వస్తాయి. 8,192 సార్లలో ఒక్కసారి. 2013లో ఆ లెక్కని సగానికి తగ్గించి 4,096లో ఒకటి చేశారు. అంత అరుదైనదానికి బలం ఎంత ఎక్కువిచ్చారంటారా? రంగు మారినందుకు బలమేమీ పెంచలేదు. రంగే దాని గొప్ప. దొరికినవాడికి పండగ. దొరకనివాడికి నష్టం లేదు. ఆటలో అరుదుతనాన్ని ఇంత న్యాయంగా వాడటం తక్కువగా చూస్తాం.

ఇక దొరకడం సంగతి. తొలి ఆటలో గడ్డిలో నడుస్తుంటే ప్రాణి ఎదురవుతుంది. ప్రతి గడ్డి ప్రాంతానికీ పది స్థానాలుంటాయి. మొదటి రెండు స్థానాలకి నూటికి ఇరవయ్యేసి వంతులు. అక్కణ్నుంచి తగ్గుతూ తగ్గుతూ చివరి స్థానానికి నూటికి ఒక్క వంతు మిగులుతుంది. పికాచు తెలుసు కదా, పసుపుపచ్చగా ఉండే ఎలుకలాంటిది. మొదటి అడవిలో అది నూటికి అయిదుసార్లు కనిపిస్తుంది. పిల్లలు గంటలకొద్దీ ఆ గడ్డిలో తిరిగారంటే ఆశ్చర్యమేముంది?

ఇక్కడ అందరూ పొరబడే చోటు ఒకటుంది. కాస్త నిదానంగా వినండి. నూటికి ఒకసారి అంటే, వందసార్లు తిరిగితే తప్పకుండా దొరుకుతుందని అనుకుంటాం. అది నిజం కాదు. 100 మంది పిల్లలు తలా వందసార్లు తిరిగారనుకోండి. వాళ్లలో సుమారు 37 మందికి ఒక్కసారి కూడా దొరకదు. మళ్లీ చెప్తున్నాను. నూరుసార్లు తిరిగినా 37 మంది ఉత్త చేతులతోనే ఉంటారు. తలా 200 సార్లు తిరిగినా ఇంకా 13 మంది మిగులుతారు. వాళ్లు తప్పేమీ చేయలేదు. ఆట తయారు చేసినవాళ్లకి ఆ 37 మంది ముఖాలు కనపడాలి.

వాళ్లని ఆదుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఇన్నిసార్లు తిరిగినా దొరకకపోతే ఆ తర్వాత ఆటే ఇచ్చేయాలని హద్దు పెట్టడం. రెండోది, వెతికిన ప్రతిసారీ కొంచెం కొంచెం కూడబెట్టుకునేలా చేయడం. 2016లో వచ్చిన పోకెమాన్ గో రెండో దారి పట్టింది. ఒక మ్యాజికార్ప్‌ని పట్టుకుంటే మూడు మిఠాయిలు వస్తాయి. దాన్ని తిరిగి పంపేస్తే ఇంకోటి. నీటి సర్పంగా మార్చాలంటే 400 మిఠాయిలు కావాలి. అంటే సుమారు వంద చేపలు. పెద్ద పనే. కానీ ప్రతి చేపా లెక్కలోకి వస్తుంది. ఏ ఒక్క తిరుగుడూ వృథా పోదు.

ఆ ఆటే ఇంకో సంగతి కూడా బయటపెట్టింది. అరుదన్నది చోటుని బట్టి ఉంటుంది. టోర్కోల్ అనే తాబేలు మన దేశంలో తిరిగితే దొరుకుతుంది. అమెరికాలో అడవులు గాలించినా మామూలుగా దొరకదు. చిన్నరసం మనకి గంపల్లో ఉంటుంది, డాలస్‌లో ఉన్న మన పిల్లలకి కలలో ఉంటుంది. అది సరదాగానే ఉంది. కానీ పట్నంలో జనం ఎక్కువున్న చోట ప్రాణులు గుంపులుగా రావడం, పల్లెలో చాలాసేపు నడిచినా ఒకటో రెండో రావడం మాత్రం అన్యాయం. అన్ని దేశాల పల్లెటూళ్ల ఆటగాళ్లూ ఈ మాట మొత్తుకున్నారు. మనవాళ్లెవరైనా ఇలాంటి ఆట చేస్తే పల్లెని ముందు పెట్టుకుని చేయండి.

పెద్దవాళ్లకి ఒక మాట. ఈ అరుదుతనానికి డబ్బు ముడిపడ్డప్పుడు జాగ్రత్త. కొన్ని ఆటల్లో డబ్బు కట్టి మూసిన పెట్టె కొంటారు. లోపల ఏ ప్రాణి ఉందో తెలియదు. అరుదైనది వచ్చేదాకా పిల్లలు కొంటూనే ఉంటారు. జపాన్‌లో ఇలా వేరువేరు బొమ్మలన్నీ కూడితేనే పెద్ద బహుమతి ఇచ్చే పద్ధతిని 2012లో అక్కడి ప్రభుత్వం చట్టవిరుద్ధమంది. 2018లో బెల్జియం ఇలాంటి డబ్బు పెట్టెల్ని జూదం కిందే లెక్కకట్టింది. కాబట్టి పిల్లల్ని తిట్టకండి. ఫోను లాక్కోకండి. పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి. నాన్నా, ఈ పెట్టెలో అది దొరికే అవకాశం నూటికి ఎంతో ఇక్కడ రాసుందా? రాసుంటే ఇద్దరూ కలిసి చదవండి. ఇందాక చెప్పిన 37 మంది లెక్క చెప్పండి. రాసిలేకపోతే ఆ పెట్టెకి పైసా కట్టనివ్వకండి.

ఇక చేసి చూద్దాం. ఫోను అక్కర్లేదు. ఒక డబ్బా, 100 చీటీలు చాలు. మన తోటనే ఆటగా చేద్దాం. 40 చీటీల మీద ఎర్రచీమ అని రాయండి. 30 మీద ఉడుత. 20 మీద రామచిలుక. 9 మీద ముంగిస. ఒక్క చీటీ మీద అలుగు. అడవి అంచుల్లో ఎప్పుడో గానీ కంటపడని ప్రాణి అది. నిజం అలుగుని పట్టుకోవడం నేరం, ఆ మాట కూడా పిల్లలకి చెప్పండి. మనం పట్టేది చీటీనే.

ఒక్కొక్కరు వరసగా ఒక్కో చీటీ తీయాలి. ఏమొచ్చిందో పలక మీద రాసుకోవాలి. తీసిన చీటీ మళ్లీ డబ్బాలో వేసి కలపాలి. ఇది మరిచిపోవద్దు. చీటీ తిరిగి వేయకపోతే వందోసారికి అలుగు ఎలాగూ వచ్చేస్తుంది. అసలు ఆటలో అలా జరగదు. అక్కడ ప్రతిసారీ డబ్బాలో వంద చీటీలూ ఉంటాయి.

ఇప్పుడు ఎదుగుదల. మూడు ఎర్రచీమలు వస్తే చీమలగూడు తయారైనట్టు. నాలుగు ఉడుతలు వస్తే ఉడుతకి చెట్టు దొరికినట్టు. మరి అలుగు ఎదగాలంటే మూడు అలుగులు రావాలని పెట్టారనుకోండి. ఏమవుతుంది? ఒక్కటి రావడమే గగనం. మూడు ఎప్పటికి వస్తాయి? దొరకడంలోనూ కష్టం, ఎదగడంలోనూ మళ్లీ అదే కష్టం. ఒకే పిల్లవాడికి రెండుసార్లు శిక్ష వేసినట్టు. ఇప్పుడొచ్చే చాలా ఆటల్లో జరుగుతున్న పొరపాటు ఇదే. అదే ప్రాణి మళ్లీ మళ్లీ దొరికితే తప్ప అది పెరగదు.

అలుగు ఏం తింటుంది? చీమల్నీ, చెదల్నీ తింటుంది. కాబట్టి రూలు ఇలా మార్చండి. అలుగు దొరికాక, పలక మీద రాసుకున్న ఎర్రచీమల్లో 20 దానికి పెడితే అది ఎదిగినట్టు. ఒక్కసారిగా ఆట ఎలా మారుతుందో చూడండి. ఇందాకటిదాకా ఎర్రచీమ వస్తే మొహం చిట్లించిన పిల్లవాడు ఇప్పుడు చీమ కోసం ఎదురుచూస్తాడు. అలుగు రానివాడి దగ్గర చీమలు నిండుగా ఉంటాయి. వచ్చినవాడు వచ్చి అడుగుతాడు, నాకు అయిదు చీమలిస్తే రామచిలుక ఇస్తానని. బేరం మొదలవుతుంది. తొలి పోకెమాన్ ఆటలో కూడా కొన్ని ప్రాణులు స్నేహితుడితో మార్చుకుంటేనే చివరి రూపానికి ఎదుగుతాయి. ఒంటరిగా ఎంత ఆడినా ఎదగవు.

ఇంకొక్క రూలు. 60సార్లు తీసినా అలుగు రాని పిల్లవాడికి 61వసారి మీరే అలుగు చీటీ చేతికివ్వండి.

సాయంత్రం దాకా ఆడనివ్వండి. మీరు చూడవలసింది ఎవరు గెలిచారని కాదు. ఏ పిల్లవాడు ముందు లేచి వెళ్లిపోయాడు, ఎన్నో చీటీ దగ్గర లేచాడు, అప్పటికి వాడి పలక మీద ఏముంది, అది రాసుకోండి. మర్నాడు లెక్క మార్చండి. ముంగిసలు 9కి బదులు 12 చేసి, ఉడుతలు మూడు తగ్గించండి. అలుగుకి 20 చీమల బదులు 15 పెట్టి చూడండి. ముందురోజు లేచి వెళ్లిన పిల్లవాడు ఈసారి ఇంకా ఎంతసేపు కూర్చున్నాడో గమనించండి. ట్రిపుల్ ఐటీ పిల్లలూ, మీరు కంప్యూటర్ ముందు కూర్చోవడానికి ముందు ఈ చీటీల డబ్బాతో ఓ వారం గడపండి. మీ ఊరి పిల్లలతోనే ఆడించండి. ఏ చీటీలు ఎన్నుండాలో వాళ్లే మీకు చెప్తారు.